నష్టపరిహారం - నైతిక హక్కు

"ప్రమాదం" అనే మాటను మనం చాలా ఉదారంగా వాడుతున్నాం. పిడుగు పడి మనిషి చనిపోతే అది ప్రమాదమే. కాని పొట్టకూటికోసం వచ్చినవాణ్ణి అపాయమున్న చోట నిలబెట్టి, జాగ్రత్తలకయ్యే ఖర్చు మిగుల్చుకుని, తీరా వాడు చస్తే దాన్ని కూడా ప్రమాదమనే అంటున్నాం. ఈ రెండూ ఒకటేనా?

2010 ఏప్రిల్ 20 రాత్రి మెక్సికో సింధుశాఖలో, అమెరికాలోని లూసియానా తీరానికి దాదాపు 40 మైళ్ల దూరాన, డీప్‌వాటర్ హొరైజన్ అనే తవ్వకపు ఓడ పేలిపోయింది. 11 మంది పనివాళ్లు చనిపోయారు. వాళ్ల శవాలు కూడా దొరకలేదు. 5,000 అడుగుల నీటి అడుగున ఉన్న బావి 87 రోజులపాటు చమురు కక్కింది. న్యాయస్థానం తేల్చిన లెక్క ప్రకారమే సముద్రంలో కలిసింది 31 లక్షల 90 వేల పీపాలు.

ఇందులో పిడుగు ఎక్కడుంది? బావి పని గడువు దాటింది, వేసుకున్న ఖర్చూ దాటింది. ఆలస్యమైన ప్రతిరోజూ లక్షల డాలర్ల ఖర్చు. పేలుడుకు కొన్ని గంటల ముందు చేసిన ఒత్తిడి పరీక్ష, బావి పదిలంగా లేదని చెబుతూంటే, ఉందని అర్థం చెప్పుకున్నారు. బి.పి. కంపెనీది తీవ్రమైన నిర్లక్ష్యమని 2014లో అమెరికా న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. మిగిలే డబ్బు ఒకరిదీ, పొయ్యే ప్రాణం ఇంకొకరిదీ అయినప్పుడు లెక్క ఎటు మొగ్గుతుందో తెలుసుకోవడానికి పెద్ద అర్థశాస్త్రం అక్కర్లేదు.

"కంపెనీ డబ్బు కట్టిందిగా?" అని కొందరు అడుగుతారు. నిజమే. 2016లో ఖాయమైన ఒప్పందం ప్రకారం 2,000 కోట్ల డాలర్ల పైచిలుకు. అంతకుముందే, 2012లో, 11 మంది చావులకూ నేరం ఒప్పుకుంది కూడా. ఒప్పుకున్నది కంపెనీ! కంపెనీకి సంకెళ్లు వెయ్యడానికి చేతులుండవు. ఆ చావులకు ఒక్క మనిషి కూడా జైలుకు పోలేదు.

అసలు ప్రశ్న డబ్బు చాలిందా లేదా అన్నది కాదు. నా గొడ్డు నీ చేలో పడి మేస్తే బందెలదొడ్డికి డబ్బు కట్టి విడిపించుకుంటాను. అది న్యాయమే. కాని ఆ రసీదు చూపించి, "కట్టాను కనక రేపు కూడా నీ చేలోకి తోలతాను" అంటే? పరిహారం జరిగిన తప్పుకు సమాధానమే గాని, రాబోయే తప్పుకు అనుమతి కాదు. చమురు కంపెనీలు అడిగేది ఈ అనుమతే. పేలుడుకు మూడు వారాల ముందు ఒబామా ప్రభుత్వం అట్లాంటిక్ తీరంలో కొత్త ప్రాంతాలు తెరుస్తామంది. పేలుడు జరిగాక, ఆ డిసెంబరులో, మానుకుంది. 2018లో ట్రంప్ ప్రభుత్వం దేశపు తీరాన్ని దాదాపు మొత్తం తెరుస్తామని ప్రతిపాదించింది. ఎనిమిదేళ్లకే పాత రసీదు చెల్లుబాటయింది!

మన మిత్రులే రెండు ఆక్షేపణలు చెబుతారు. మొదటిది: శ్రామికులకు పని కావద్దా? కావాలి. పేలుడు తర్వాత లోతునీటి తవ్వకాలను కొన్ని నెలలు ఆపితే, పని పోతుందని లూసియానా ప్రజలే నిరసన తెలిపారు. ఇంకోపక్క, వేట మూతపడ్డ జాలర్లను కూలికి పెట్టుకుని, వాళ్ల పడవలతోనే చమురు తేర్పించారు. దీన్ని ప్రజల అంగీకారం అనగలమా? ఇంకో దారి మిగల్చకుండా తీసుకున్న ఒప్పుదల ఆకలి పెట్టిన సంతకం. ఆ సంతకాన్ని చూపించి శ్రామికవర్గం మనవైపే ఉందని చెప్పే హక్కు కంపెనీకి లేదు. ఆ కుటుంబాలకు వేరే జీవనోపాధి అడగకుండా తవ్వకం ఆపమనే హక్కు మనకూ లేదు.

రెండోది ఇంకా గట్టిది: బావి ప్రజలదైతే ఈ బాధ ఉండదు గదా? చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. కాని 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడిలో పేలిన బావి ప్రభుత్వరంగానిదే. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. లాభం షేర్‌హోల్డర్లకు పోనంతమాత్రాన కొబ్బరిచెట్లకు సెగ తక్కువ తగలలేదు. బావి ఎవరిదన్న ప్రశ్న తప్పనిసరి. కాని దాంతోనే ఆగితే చాలదు. బావి పక్కన బతికేవాడికి "వద్దు" అనే హక్కు ఉందా అన్నది రెండో ప్రశ్న. దాన్ని మనం అడగడం మానేశాం.

ఈ ప్రశ్న దూరదేశానిది కాదు. కాకినాడకు ఎదురుగా, లోతు సముద్రంలోని కృష్ణా-గోదావరి బావుల నుంచి 2024 జనవరిలో చమురు మొదలైంది. ఒడ్డున కోరింగ మడ అడవులున్నాయి, వాటిలో పెరిగే చేపపిల్లల మీద బతికే ఊళ్లున్నాయి. ఒలికితేనే నష్టమని కూడా అనుకోకూడదు. ఒక్క చుక్క ఒలక్కుండా ఒడ్డు చేరిన చమురు కూడా చివరకు కాలేదే. ఆ వేడికి పెరిగే సముద్రం ముందు తట్టేది ఆ జాలరి గుమ్మాన్నే.

నేను ఎక్కే బస్సు డీజిలుతోనే నడుస్తుంది. కనక ఈ వాదన నన్ను కూడా ముద్దాయిగా నిలబెడుతుంది. అయినా, ఉన్న బావులమీద ఆధారపడి బతుకుతున్నామన్నది కొత్త బావులకు సమర్థన కాదు. నిన్నటి అవసరాన్ని రేపటి హక్కుగా మార్చడం పాలకవర్గాల పాత అలవాటు. కొత్త బావి తవ్వేముందు తీరప్రజల్ని అడగాలి. వాళ్లు వద్దంటే మానాలి. మానగలిగేటట్టు వాళ్లకు తిండీ పనీ ఉండాలి. ఈ మూడూ లేనిచోట ఎంత పరిహారం కట్టినా అది బందెలదొడ్డి రసీదే.