మంచి చెవి

విశాఖపట్నంలో ఒక మేనమామ, ఒక మేనల్లుడు ఉండేవారు. మేనమామ వాల్వు రేడియోల కాలం నాటి మెకానిక్కు. కొట్టు ఎప్పుడో మూసేశాడు గానీ సోల్డరింగ్ ఐరన్ని మాత్రం అటకెక్కించలేదు. మేనల్లుడు ఇంజనీరు. ఉద్యోగం మీద జపాన్‌లో రెండేళ్లుండి వస్తూ, టోక్యోలో అకిహబారా సందులన్నీ తిరిగి ఒక పాత ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ కొనుక్కొచ్చాడు. దానికో ప్రత్యేకమైన యాంప్లిఫయరు. జపాన్ కరెంటు 100 వోల్టులు కాబట్టి, మన 230ని తగ్గించడానికి ఇంకో ట్రాన్స్‌ఫార్మరు. మూడూ కలిసి సగం బల్ల ఆక్రమించాయి. ఖరీదు ఎంతో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఈ జాతి హెడ్‌ఫోన్‌ను మొట్టమొదట బజారులోకి తెచ్చింది జపాన్‌కే చెందిన స్టాక్స్ కంపెనీ, 1960లో. వాళ్లు దాన్ని హెడ్‌ఫోన్ అని కూడా అనరు, ఇయర్‌స్పీకర్ అంటారు. మామూలు హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. ఇందులో ఆ రెండూ లేవు. బూందీ గరిటెలా చిల్లులున్న రెండు రేకులు, వాటి నడుమ ఒక పొర, అంతే. ఆ పొర మందం ఒకటిన్నర, రెండు మైక్రాన్లు. తల వెంట్రుకను ముప్పై చీలికలు చేయగలిగితే ఒక్కో చీలిక అంత ఉంటుందేమో. పొరకూ ఒక్కో రేకుకూ నడుమ ఎడం అర మిల్లీమీటరు. పొర మీద 580 వోల్టుల ఛార్జి కదలకుండా కూర్చుని ఉంటుంది. పాట రేకుల్లోకి వోల్టేజీగా వచ్చేసరికి ఒక రేకు పొరను లాగుతుంది, రెండోది నెడుతుంది. పొర దేన్నీ తాకదు. తాకనంతసేపే అది పాడుతుంది.

మొదటి ఎండాకాలం బాగానే గడిచింది. ఆగస్టు వచ్చింది. జాడీలో ఉప్పు నీరుకారే రోజులు, ఆరేసిన బట్టలు మూడో రోజుకీ ఆరని రోజులు. ఒక రాత్రి మేనల్లుడికి ఎడమ వైపు పాట సన్నగా వినిపించింది. మర్నాటికి ఇంకా సన్నగిల్లింది. మామూలుగా పది గంటల గీత దగ్గర ఆగే వాల్యూమ్ మీటను రెండు గంటల గీత దాకా తిప్పితే గానీ ఎడమ చెవికి పాట అందడం లేదు. అప్పటికి కుడి చెవి గింగురుమంటోంది.

ఆదివారం పొద్దున్నే బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచాడు. ఎడమది విప్పబోయి ఆగాడు. ‘జబ్బు ఏమిటో తెలియాలంటే ముందు ఆరోగ్యం ఎలా ఉంటుందో చూడాలి కదా’ అనుకున్నాడు. ఇంజనీరు బుర్ర మరి. కుడిదాన్ని విప్పాడు. చెవి మెత్తను నెమ్మదిగా ఊడదీశాడు, మరలు తీశాడు, చెమటా వెంట్రుకలూ లోపలికి పోకుండా అడ్డంగా ఉండే పల్చటి ముసుగు పొరను కూడా దాటాడు. చిల్లుల రేకును గోటితో ఒక మూల నుంచి లేపాడు. ఇంకా ఛార్జి వదలని పొర రేకును అంటుకునే పైకి లేచింది. చప్పుడేమీ కాలేదు. వెలుతురుకు పట్టి చూస్తే అటునుంచి ఇటు ఒక సన్నటి గీత.

“మావయ్యా, ఒక్కసారి ఇంటికి రావా” అని ఫోన్ చేశాడు.

మావయ్య వచ్చి ముందు ప్లగ్గు పీకాడు. పీకి, కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగాడు. యాంప్లిఫయరులో ఛార్జి దిగడానికి వ్యవధి ఇవ్వడం ఆయనకు రేడియోల నాటి అలవాటు. అప్పట్లో కరెంటున్న సెట్టులో వేలు పెట్టాల్సి వస్తే రెండో చెయ్యి జేబులో ఉండేది.

“యాంప్లిఫయరు వెనక ఎర్రతీగ, తెల్లతీగ అటూ ఇటూ మార్చి చూశావా?”

“లేదు మావయ్యా.”

“హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్నావా? ఎడమది కుడి చెవికి?”

“లేదు.”

“తీగలు మారిస్తే తగ్గుదల అవతలి చెవికి పోయిందనుకో, తప్పు యాంప్లిఫయరుకి ముందున్నదానిది. పోకపోతే యాంప్లిఫయరుదో హెడ్‌ఫోనుదో. తిరగేసి పెట్టుకున్నా నీ ఎడమ చెవికే తక్కువగా వినిపిస్తే, చెవుల డాక్టరు దగ్గరకి పోవాలిరా అబ్బాయ్. రెండూ కలిపి రెండు నిమిషాల పని.”

మేనల్లుడు వెంటనే తీగల మీద చెయ్యి వేశాడు. మావయ్య నవ్వాడు. “ఇప్పుడు దేంతో పోలుస్తావు? కొలబద్ద చింపేశావు కదా.”

మిగిలిన ఎడమదాన్ని ఏం చేద్దామంటే బియ్యం డబ్బాలో పెడదామన్నాడు మేనల్లుడు. తవుడు లోపలికి పోతుంది, దుమ్ము ఒక్క రేణువు రేకుల మధ్య పడినా చిటపటలు మొదలవుతాయని మావయ్య ఒప్పుకోలేదు. అత్తయ్యను బతిమాలి వడియాల డబ్బా ఖాళీ చేయించి తెచ్చాడు. గాలి దూరని మూత. చెప్పుల పెట్టెల్లో వచ్చిన సిలికా జెల్ పొట్లాలు ఇంట్లో ఉన్నవన్నీ అందులో వేశారు. రెండు రోజులు అలాగే ఉంచి, మూడో రాత్రి యాంప్లిఫయరుకు తగిలించి పాట లేకుండా తెల్లవార్లూ వదిలేశారు. పొరకు పూసే పూతను కావాలనే కరెంటును అతి కష్టం మీద పోనిచ్చేలా చేస్తారు, అందుకే ఛార్జి ఎక్కడానికి సమయం పడుతుంది. తేమ పట్టిందా, ఎక్కినది ఎక్కినట్టే అంచుల్లోంచి కారిపోతుంది. పొద్దున్న మీట పది గంటల గీత దగ్గర పెట్టి వింటే ఎడమది నిండుగా పాడింది. జబ్బున్నది లేచి కూర్చుంది. ఏ జబ్బూ లేనిది తువ్వాలు మీద ముక్కలై ఉంది.

కుడిదానికి మూడు నెలలు పట్టింది. పల్చటి మైలార్ ప్లాస్టిక్ పొర తెప్పించారు. పలక చుట్టూ సైకిల్ ట్యూబు అమర్చి, దాని మీదుగా పొరను పరిచి అంచులు టేపుతో అంటించి, పంపుతో గాలి కొట్టారు. ట్యూబు ఉబ్బేకొద్దీ పొర మద్దెల మూతలా బిగుస్తుంది. మొదటిసారి బిగువు చాలక, ఛార్జి ఎక్కగానే పొర వెళ్లి రేకుకు అతుక్కుపోయింది. రెండోసారి చిరిగింది. మూడోసారి నిలిచింది. ఎపాక్సీతో చట్రానికి అంటించి, ఒక రోజు ఆరనిచ్చి, యాంటీ స్టాటిక్ ద్రవం దూదితో అద్ది దాదాపు అంతా తుడిచేశారు. పాట వచ్చింది. బిగువు ఒక పిసరు ఎక్కువైందో ఏమో, మృదంగం తొప్పి వైపు చప్పుడు మాత్రం పాతంత లోతుగా రాలేదు.

నీతి: మళ్లీ మొదటికి తెచ్చుకోగలిగిన పనులన్నీ ముందు చేయాలి, తెచ్చుకోలేని పని ఆఖరున చేయాలి. బాగున్నదాన్ని అసలు విప్పకూడదు, పాడైనదాన్ని కొలవడానికి మన దగ్గర ఉన్నది అదొక్కటే.

చెప్పడానికి తేలికే. తీగ మార్చి చూడటం పనిలా అనిపించదు, మరలు విప్పితే పనిచేసినట్టుంటుంది. నేనూ ఒకసారి గోడ ప్లగ్గులో కరెంటుందో లేదో చూడకుండా మిక్సీని ముక్కలు చేశాను. ప్లగ్గులో కరెంటు లేదు. మిక్సీ ఆ తర్వాత మళ్లీ తిరగలేదు. కాకపోతే మేనల్లుడి పక్షాన ఒక్క మాట చెప్పాలి: ఆ మూడు నెలలు లేకపోతే అతనికి పొర బిగించడం వచ్చేది కాదు. మావయ్య దగ్గర ఈ మాట అంటే, విద్య నేర్చుకోవడానికి చిరిగిన సెట్లు బజార్లో దొరుకుతాయన్నాడట.

ఇప్పుడు ఆ యాంప్లిఫయరు ముందు పట్టీ మీద పెన్సిలుతో పెట్టిన రెండు వాల్యూమ్ గుర్తులున్నాయి, ఎడమకొకటి, కుడికొకటి. వడియాల డబ్బా ఇంకా మేనల్లుడింట్లోనే ఉంది. అత్తయ్య అడిగినప్పుడల్లా వానలు తగ్గాక ఇస్తానంటున్నాడు.