కూటలేఖయు గృహస్థుని బాధ్యతయు

వర్తకునకు కాగితముపై నమ్మకము మెండు. నోటిమాట గాలికి పోవును, చేవ్రాలు నిలుచునని పిల్లవానిని దుకాణపు గద్దెపై కూర్చుండబెట్టిన నాడే పెద్దలు నేర్పుదురు. చిఠ్ఠాలో వ్రాసిన పద్దు ఆవర్జాలోనికి ఎక్కవలెను. రోకడ సరిపోనిదే దీపము ఆర్పరాదు. ఊరు కాని ఊరిలో, భాష కాని భాషలో అడుగుపెట్టిన జైన కుటుంబములు పదిమంది నమ్మకమును సంపాదించుకొన్నది ఈ క్రమశిక్షణ వలననే. అయితే కాగితము సరిగా నున్నంత మాత్రమున దాని వెనుకనున్న పనియు సరియైనదని చెప్పవచ్చునా? కాగితమును చూచి తృప్తిపడినవానికి మనిషిని చూడవలసిన పని లేదా?

బెంగుళూరునకు వాయవ్యమున, తుమకూరు రోడ్డు వెంబడి నున్న పీణ్య పారిశ్రామిక వాడలో ఈ ప్రశ్న ప్రతిదినము ఎదురగుచుండును. లేతు పని, రేకుల పని, పూత పని, గార్మెంటు ఫ్యాక్టరీలు, ఇట్లు చిన్నవి పెద్దవి కలిపి వేలకొలది కర్మాగారములు అక్కడ కలవు. వానికి ఇనుము, బేరింగులు, బట్ట, దారము అమ్ము దుకాణదారులును, షెడ్లు, గదులు అద్దెకిచ్చు ఆసాములును ఉన్నారు. గార్మెంటు పనిలో ఎక్కువమంది స్త్రీలు. ఉత్తర కర్ణాటకము నుండియు, ఒడిశా, జార్ఖండు వంటి దూరప్రాంతముల నుండియు వచ్చిన చిన్న వయసువారు వారిలో కలరు. వారిని తెచ్చువాడొకడు, పనిలో పెట్టుకొనువాడొకడు, గది అద్దెకిచ్చువాడు మరియొకడు. అద్దె ఒప్పందము స్టాంపు కాగితముపై నుండును; ఆధారు నకళ్లు దానికి కుట్టియుండును. నకలులోని పుట్టినతేదీకిని, గుమ్మములో నిలిచిన పిల్ల ముఖమునకును పొత్తు కుదురుచున్నదా అని చూచుట ఆసామి పనియేనా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు పీణ్య నుండి చాల దూరము పోవలసియున్నది. ఏలయన ఇంటి యజమాని, అద్దె గది, వలస వచ్చిన పిల్లలు, సక్రమమైన కాగితములు, ఇవన్నియు ఒకచోట కూడిన వ్యవహారము ఒక తెలుగువాని ఇంటనే అమెరికాలో జరిగినది. అది కోర్టు రికార్డులకు ఎక్కినది గనుక వదంతిగా గాక వ్రాతగా చదువవచ్చును.

కృష్ణాజిల్లాలో, ఇప్పటి ఎన్.టి.ఆర్. జిల్లాలో, మైలవరము దగ్గరనున్న వెల్వడము గ్రామమునకు చెందిన లకిరెడ్డి బాలిరెడ్డి 1960లో చదువు నిమిత్తము అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణమున స్థిరపడెను. ఇంజనీరింగు చదివెను, భోజనశాల పెట్టెను, ఇండ్లు కొని అద్దెలకిచ్చుచు ఆ పట్టణపు పెద్ద ఆసాములలో ఒకడయ్యెను. ఆయన అద్దె వాటాలు వెయ్యికి పైబడినవని అప్పటి పత్రికలు వ్రాసినవి. స్వగ్రామమున బడులు కట్టించెను. మైలవరమున 1998లో ఆయన పేర ఒక ఇంజనీరింగు కళాశాల వెలసెను. ఊరిలో దాతయని పేరు.

1999 నవంబరు 24న బర్క్‌లీలో ఆయనకు చెందిన ఒక వాటాలో వేడిమి గొట్టము మూసుకొనిపోయి విషవాయువు నిండెను. అందులో నివసించుచున్న అక్కచెల్లెండ్రలో 17 ఏండ్ల అక్క మరణించెను. కొందరు మనుష్యులు జంబుఖానా చుట్టవంటి దానిని మోసికొని వచ్చి బండిలో పెట్టుటయు, వేరొక పిల్ల బండి ఎక్కనని పెనుగులాడుటయు దారిన పోవుచున్న ఒక స్త్రీ కంటబడెను. ఆమె తన కారు ఆపి, అడ్డుపడి, పోలీసులకు కబురు చేయించెను. పోలీసులు మొదట దానిని ప్రమాదముగానే ఎంచిరి. ఆ ఊరి హైస్కూలు పత్రికలో వ్రాయు ఇద్దరు విద్యార్థినులకు మాత్రము ఒక చిన్న సందేహము కలిగెను. పదునేడేండ్ల పిల్ల బడిలో ఎందుకు లేదు? డిసెంబరులో వారి వార్త వెలువడెను. 2000 జనవరిలో బాలిరెడ్డి అరెస్టయ్యెను.

విచారణలో తేలినది గమనింపదగినది. ఆ అక్కచెల్లెండ్రు దొంగచాటుగా సరిహద్దు దాటినవారు కారు. వీసాలు ఉన్నవి, ముద్రలు ఉన్నవి. కంప్యూటరు పనిలో నిపుణుడని చూపబడిన ఒక వ్యక్తి కుమార్తెలుగా వారు దేశములో ప్రవేశించిరి. తండ్రి తండ్రి కాడు, తల్లి తల్లి కాదు, ఉద్యోగమును ఉద్యోగము కాదు. ముద్ర మాత్రము నిజమైన ముద్ర. 2001 మార్చిలో బాలిరెడ్డి నేరము ఒప్పుకొనెను. మైనరు బాలికలను లైంగిక దుష్కార్యము కొరకు రప్పించుట రెండు అభియోగములు, వలస కాగితములలో మోసపు కుట్ర ఒకటి, ఆదాయపు పన్ను పత్రములో అబద్ధము చెప్పుట ఒకటి. ఆ సంవత్సరము జూన్ నెలలో 97 నెలల జైలు శిక్షయు, బాధితులకు 20 లక్షల డాలర్ల పరిహారమును విధింపబడెను.

ఆ చివరి అభియోగము వద్ద వర్తక కుటుంబములవారు కొంచెము నిలువవలెను. ఇంత ఘోరమైన జాబితాలో ఆదాయపు పన్ను పత్రమేమిటని తోచును. కాని మనిషిని దాచినవాడు పద్దును కూడ దాచుట వింత కాదు. దానధర్మములు చూచి ఆయనను మెచ్చుకొన్నవారు చూచినది ఖాతాలో ఖర్చు వైపు మాత్రమే. శిలాఫలకము మీద జమ వైపు ఎన్నడును చెక్కరు. ఈ మాట ఒక్క వెల్వడమునకే చెందినది కాదు. సత్రములకు, పాఠశాలలకు చందాలు పోగుచేయు ప్రతి సంఘమునకును చందా రసీదు పుస్తకమున్నది గాని ఆ సొమ్ము ఎటునుండి వచ్చినదని అడుగు పుస్తకము లేదు.

ఇట్టి వ్యవహారమును జైనాచార్యులు ఊహింపకపోలేదు. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున సత్యవ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో కూటలేఖక్రియ ఒకటి. లేనిది ఉన్నట్లు దస్తావేజు పుట్టించుట అని దాని భావము. అచౌర్యవ్రతపు అతిచారములలో దొంగ తెచ్చిన సొత్తు పుచ్చుకొనుట చేరియున్నది; పుచ్చుకొన్నవాడు స్వయముగా కన్నము వేయనక్కరలేదు. పండ్రెండవ శతాబ్దమున గుజరాతు దేశమున హేమచంద్రాచార్యుడు తన యోగశాస్త్రమున శ్రావకుడు విడువవలసిన పదునైదు వృత్తులను వివరించెను. రెండు కాళ్ల ప్రాణిని గాని నాలుగు కాళ్ల ప్రాణిని గాని అమ్ముటను ఆయన కేశవాణిజ్యమనెను. ధనము కొరకు దాసీలను పోషించుటను చిలుకలు, పిల్లులు, కుక్కలు, కోళ్లు పెంచుటతో కలిపి అసతీపోషణమనెను. కేశవాణిజ్యమనగా ఉన్ని, వెంట్రుకల బేరమని చెప్పుకొని, అది తమ ఇంట లేదు గదా యని తృప్తిపడువారు కొందరున్నారు. ఆచార్యుని వ్రాతలో ఆ పదము క్రింద మొదట నిలిచినది మనిషి.

అయినను ఆసామికి ఒక సమాధానము మిగిలియున్నది. ఆయన చేయలేదు, చేయించలేదు. అద్దె మాత్రమే పుచ్చుకొనెను. ఈ సమాధానమును తేలికగా తోసివేయరాదు. కృతము, కారితము, అనుమోదితము అని కర్మాస్రవమునకు మూడు ద్వారములు. వానిని సంరంభ, సమారంభ, ఆరంభములతోను, మనోవాక్కాయములతోను, నాలుగు కషాయములతోను గుణించినచో 108 అగును. జపమాలలో పూసల సంఖ్యకు ఇదియే మూలమని కొందరు పెద్దలు చెప్పుదురు. గృహస్థుడు చేయుట, చేయించుట విడిచినను అనుమోదనను పూర్తిగా విడుచుట దుష్కరమని శాస్త్రకారులే ఎరుగుదురు. దిగంబర సంప్రదాయమున అనుమతిత్యాగము పదియవ ప్రతిమ, అంతవరకు ఎక్కువారెందరు? అద్దెకిచ్చిన ప్రతివానిని దోషి యనినచో పీణ్యలో పరదేశపు కూలివానికి గది దొరకదు. అనుమానము పేర పేదపిల్లలను గుమ్మములోనుండియే పంపివేయుటయు హింసయే.

అయితే హింసకు తత్త్వార్థసూత్రము చెప్పిన లక్షణములో మొదట నిలిచినది ప్రమత్తయోగము, అనగా ఏమరుపాటు. కీలు ఇక్కడ నున్నది. అన్నియు తెలిసియుండవలెనని శాస్త్రము గృహస్థుని అడుగలేదు, సర్వజ్ఞత్వము కేవలికి చెందినది. కంటి ముందున్నదానిని చూడకుండుట ఆయన ఎంచుకొన్నదా అని మాత్రము అడుగుచున్నది. బర్క్‌లీలో ఆ వీథిన ఎందరో నడిచిరి. అద్దెదారులు ఉండిరి, పనివారు ఉండిరి. బండి ఆపిన స్త్రీకి చట్టము తెలిసియుండనక్కరలేదు. పత్రిక నడిపిన పిల్లలకు వీసా కాగితము చూపినవారు లేరు. వారు ఏమరలేదు, అంతే. చట్టమును ఇంచుమించు ఇదే త్రాసులో తూచుచున్నది. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టము మూడవ సెక్షను, తెలిసి తన ఇంటిని వేశ్యాగృహమునకు ఇచ్చిన యజమానిని శిక్షించును. సోదాలో ఆ సంగతి బయటపడి ఆ ప్రాంతపు పత్రికలో వచ్చినదా, అటుపైన అతనికి తెలిసియున్నదనియే భావించును, కాదని నిరూపించు భారము అతనిదే. 2012 నాటి పోక్సో చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసినది. పిల్లలపై లైంగిక నేరము జరిగినదని ఎరిగిన ఎవడైనను పోలీసులకు తెలుపవలెను. తెలుపకుండుట కూడ నేరమే.

ఇంతవరకు అబద్ధపు కాగితము సంగతి. నిజమైన కాగితమునకును ఒక చిక్కు కలదు. సత్యవ్రతపు అతిచారములలో కూటలేఖక్రియకు పక్కనే రహోభ్యాఖ్యానము కూర్చున్నది: ఒకరి ఏకాంతపు సంగతిని బయటపెట్టుట. చెప్పినది అక్షరాల నిజమైనను అది సత్యమునకు మచ్చయే. దొంగ దస్తావేజు వ్రాసినవానిని, నిజమైన రహస్యమును చాటినవానిని ఒకే పంక్తిలో నిలుపుట మొదట విచిత్రముగా తోచును. నేరపు రికార్డులను లోకమునకు విప్పవలసి వచ్చినపుడు ఆ పంక్తి బోధపడును.

అమెరికాలో జెఫ్రీ ఎప్‌స్టీన్ అను ధనికుని వ్యవహారము ఇందుకు నిదర్శనము. బాలికలను చెరచినాడని 2005లో ఫ్లారిడా పోలీసులు విచారణ మొదలుపెట్టిరి. 2007లో ప్రభుత్వ న్యాయవాదులు అతనితో ఒక ఒప్పందము చేసికొనిరి. ఆ కాగితము అతనిని ఫెడరల్ విచారణ నుండి తప్పించినది. పేరు చెప్పని సహచరులకు కూడ రక్షణ ఇచ్చినది. బాధితులకు దాని సంగతి చెప్పలేదు. 2008లో పడిన శిక్ష 18 నెలలు, అనుభవించినది సుమారు 13 నెలలు. బాధితులకు తెలుపకుండుట వారి హక్కులకు భంగమని ఒక ఫెడరల్ జడ్జి 2019లో తీర్పు చెప్పెను. ఆ యేడు జూలైలో అతడు మరల అరెస్టయి, ఆగస్టు 10న జైలులో మరణించెను. అతనికి తోడ్పడిన గిలేన్ మాక్స్‌వెల్‌కు 2022లో 20 ఏండ్ల శిక్ష పడెను. 2025 నవంబరు 19న రికార్డులన్నియు వెల్లడింపవలెనని చట్టమయ్యెను. పెద్దల పరువు పోవునని గాని, రాజకీయమునకు ఇబ్బందియని గాని ఏ కాగితమును దాచరాదు. బాధితుల పేర్లు మాత్రము చెరుపవచ్చునని ఆ చట్టము చెప్పినది. వాక్యములు వకీలువే గాని తూకము సరియైనది. ఆచరణలో తూకము నిలువలేదు. వెల్లడియైన కాగితములలో బాధితుల పేర్లు కొన్ని చెరపకయే మిగిలిపోయినవని వారి న్యాయవాదులు మొరపెట్టుకొనిరి.

2007 నాటి కాగితము బలవంతుని దాచి బలహీనులను చీకటిలో నుంచినది. తరువాతి కాగితములు కొన్ని బలహీనులనే వెలుగులోనికి ఈడ్చినవి. మొదటిది మూయబడినది, రెండవది తెరువబడినది. దెబ్బ తగిలినది ఒకరికే. రికార్డు మూయవలెనా తెరువవలెనా అను తర్కము ఇక్కడ సరిపోదు. ఆ కాగితము ఎవరికి గొడుగు పట్టుచున్నదని చూడవలెను. ఆ లక్షల పుటలు తిరుగవేయువారిలో న్యాయము కోరువారెందరో, వికథ కొరకు నాలుక చాచువారెందరో వారి మనసులకే ఎరుక. శాస్త్రము వికథలలో స్త్రీకథను ముందు చెప్పినది ఊరక కాదు.

భారతదేశమున ఇట్టి నేరములకు గురియైనవారి గుర్తు తెలియునట్లు పేరు అచ్చువేయుట భారతీయ న్యాయసంహిత 72వ సెక్షను క్రింద నేరము. అచ్చుయంత్రమునకు చట్టమున్నది, దుకాణపు గద్దెకు లేదు. పీణ్యలో ఏ గదినుండియైన ఒక పిల్లను పోలీసులు తప్పించి తీసికొనిపోయిన మరునాడు, టీ కొట్టు వద్దను, గోదాము వాకిట్లోను మొదట పుట్టు ప్రశ్నలు ఆ పిల్ల ఏ ఊరిది, ఏ కులముది, పేరేమి అనునవి. తెచ్చినవాడెవడు, పనికి పెట్టినవాడెవడు అను ప్రశ్నలు రెండు మూడు దినములకు వచ్చును. నెలనెలా ఐదవ తేదీన అద్దె రసీదుపై సంతకము చేసి డబ్బు లెక్కపెట్టుకొన్నదెవరను ప్రశ్న చాలసార్లు రానే రాదు.