బిడ్డకు గాలి ఆడాలి

వేములవాడ రాజన్న సన్నిధిలో బిడ్డకు పుట్టెంటికలు తీయించాలని మంచిర్యాల నుంచో, ఆదిలాబాద్ నుంచో కారులో బయలుదేరే కుటుంబాలు ఎన్నో.

మే నెల ఎండలో ఆపిన కారు, మూత పెట్టిన కుండే. ముందు తలుపులన్నీ తీయండి. సెగ పోనివ్వండి. బిడ్డ సీటు బకిల్‌ను ముట్టి చూడండి. మీ వేలికే చురుక్కుమంటే, ఆ లేత తొడకు వాత పడుతుంది.

బిడ్డకు గాలి ఆడాలి. ముందు కూర్చున్న మనకు ఏసీ చల్లగా తగులుతుంది. వెనక్కి తిప్పి కట్టిన సీట్లో ఒదిగిన బిడ్డకు ఆ గాలి అంతగా అందదు. వీపంతా చెమట. పలుచని నూలు చొక్కా ఒక్కటి చాలు. ఎండ పడుతోందని సీటు మీద తువ్వాలు కప్పుతాం. ప్రేమతోనే కప్పుతాం. కానీ లోపల ఉక్క పెరుగుతుంది. తెరను పక్క కిటికీకి కట్టండి. బిడ్డకు గాలి ఆడాలి.

మధ్యమధ్య మెడ వెనుక చేయి పెట్టి చూడండి. వేడిగా, తడిగా ఉంటే చెట్టు నీడన ఆగండి. ఎత్తుకుని పాలు పట్టండి.

చాయ్ తాగేంత సేపే కదా అని, నిద్రపోయే బిడ్డను కారులో వదలకండి. అద్దం కాస్త దించినా ఆ వేడి ఆగదు. లేపితే ఏడుస్తుంది. ఏడవనివ్వండి. చంకనేసుకునే దిగండి.