మధ్యలో ఫాదర్ గారు ఎందుకు?



ముందుగా నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. నేను సాఫ్ట్‌వేర్ రంగంలో పని చేస్తాను. మేము రాసే ప్రోగ్రాములు చాలావరకు చేసేది ఒకటే: మధ్యలో ఉన్న మనిషిని తీసేయడం. బ్యాంకులో కౌంటరు ముందు నిలబడే పని ఉండకూడదు. డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఎవరికీ ఫోను చేసే పని ఉండకూడదు. ఎవరి పని వాళ్ళే ఫోనులో చేసేసుకోవాలి. మా మీటింగుల్లో దీన్ని 'సెల్ఫ్ సర్వీస్' అంటారు. మధ్యలో మనిషి ఉంటే ఆలస్యం, ఖర్చు, పొరపాటు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు బాగా ఒంటబట్టిన పాఠం ఇది.

అందుకేనేమో, మా చిన్నాన్న కొడుకు అడిగిన ఒక ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. వాళ్ళ కుటుంబం బాప్తిస్టు సంఘంలో ఉంది. ఒక రాత్రి ఫోనులో మాటల మధ్య వాడు, "అన్నయ్యా, దేవుడు మన తండ్రే కదా. తండ్రితో మాట్లాడుకోవడానికి మధ్యలో ఫాదర్ గారు ఎందుకు? నీ పాపం నువ్వే నేరుగా ఒప్పుకోవచ్చుగా?" అన్నాడు. వాడు గొడవ పెట్టుకోవడానికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. చిన్నప్పుడు ఉపదేశి గారు నేర్పిన జవాబేదో అప్పజెప్పాను. ఫోను పెట్టేశాక సిగ్గు వేసింది. ఎందుకంటే అప్పటికి నేను పాపసంకీర్తనానికి వెళ్ళి ఆరేళ్ళు దాటింది.

దానికి కారణం కూడా మీ దగ్గర దాచను. మా తాతయ్య చనిపోయిన రోజు, ఇంటి ముందు పాడె సిద్ధంగా ఉండగా, అప్పటి ఫాదర్ గారు మా నాన్నను పక్కకు పిలిచి, రెండేళ్ళుగా కట్టని గుడి చందా సంగతి ఎత్తారు. నాన్న జేబులు తడుముకుని, పక్కింటివాళ్ళ దగ్గర అప్పు తెచ్చి ఇచ్చారు. ఆ తర్వాతే ప్రార్థన మొదలైంది. ఆ రోజు నాన్న ముఖం నేను మరిచిపోలేదు. ఆదివారం పూజకు వెళ్ళడం మానలేదు గానీ, 'ఇలాంటి మనిషి ముందు నా పాపాలు చెప్పుకోవాలా' అని మనసులో తలుపు వేసేసుకున్నాను. అమెరికా వచ్చాక కూడా ఆ తలుపు తెరవలేదు. అందరూ దివ్యసత్ప్రసాదానికి వరుసలో వెళ్తుంటే నేను బెంచీలోనే కూర్చునేవాడిని.

2020 మార్చిలో గుళ్ళు మూసేశారు. మీకూ గుర్తుండే ఉంటుంది. హాల్లో టీవీ ముందు దుప్పటి పరుచుకుని పూజ చూసేవాళ్ళం. మొదటి వారం, నిజం చెప్పాలంటే, నాకు హాయిగానే అనిపించింది. ప్రసంగం బాగా వినపడుతోంది, పార్కింగ్ బాధ లేదు. కానీ తెరమీద ఫాదర్ గారు సత్ప్రసాదం ఎత్తి చూపిస్తుంటే నా భార్య ప్రతి వారం కొంగుతో కళ్ళు తుడుచుకునేది. అందుబాటులో ఉన్నన్నాళ్ళూ నేను వద్దనుకున్నదాని కోసం ఆమె ఏడుస్తోంది. మాట తెరలోంచి వస్తుంది, పాట వస్తుంది, రొట్టె మాత్రం రాదు. దానికి ఒక మనిషి చెయ్యి కావాలి.

నా తమ్ముడి ప్రశ్నకు జవాబు నాకు అక్కడ మొదలైంది.

దేవునితో నేరుగా మాట్లాడకూడదని మన శ్రీసభ ఏనాడూ చెప్పలేదు. ప్రతి రాత్రీ పడుకునే ముందు నేరుగానే ప్రార్థిస్తాం, నేరుగానే పశ్చాత్తాపపడతాం. ఆ హక్కు జ్ఞానస్నానంలోనే వచ్చింది. రెండవ వాటికన్ మహాసభ 1964లో ఇచ్చిన పత్రంలో, జ్ఞానస్నానం పొందిన ప్రతివారికీ క్రీస్తు యాజకత్వంలో పాలు ఉందనీ, గురువుల సేవ దానికంటే వేరైన వరమనీ, రెండూ ఒకదానికొకటి తోడనీ బోధించింది. కాబట్టి దేవుడు దూరంగా ఉన్నాడు, ఫాదర్ గారు దగ్గరగా ఉన్నారు అన్నది అసలు సంగతి కానే కాదు.

అసలు సంగతి ఏమిటంటే, కొన్నింటిని ఎవరికి వారు ఇచ్చుకోలేరు. తనకు తానే జ్ఞానస్నానం ఇచ్చుకుంటే అది చెల్లదని మన శ్రీసభ బోధ. పాపం ఎరుగని మన ప్రభువు కూడా యోర్దాను నదిలో యోహాను చేతుల ముందు తల వంచాడు. సౌలు సంగతి చూడండి. దమస్కు దారిలో అతనితో మాట్లాడింది సాక్షాత్తూ క్రీస్తే. అంతకంటే 'నేరుగా' ఇంకేముంటుంది? కావాలంటే అక్కడికక్కడే చూపు ఇచ్చి, జ్ఞానస్నానం కూడా ఇచ్చి పంపవచ్చు. కానీ పట్టణంలోకి వెళ్ళమన్నాడు. అక్కడ అననీయ అనే మామూలు విశ్వాసి, భయపడుతూనే వచ్చి, చేతులుంచి, 'సోదరా' అని పిలిచాకే సౌలు కళ్ళు తెరుచుకున్నాయి. తన సంఘాన్ని హింసించినవాడిని ఆ సంఘంలోని ఒక మనిషి చేతికే ప్రభువు అప్పగించాడు.

క్షమాపణ కూడా అలాంటిదే. నా అనుభవం చెబుతాను. ఆ ఆరేళ్ళలో నేను దేవునికి నేరుగా చాలాసార్లు క్షమాపణ చెప్పుకున్నాను. కానీ ప్రతిసారీ ఒక అనుమానం మిగిలేది: క్షమించింది దేవుడా, లేక నన్ను నేనే సర్దుకున్నానా? ప్రశ్న నాదే, జవాబూ నా గొంతులోనే. ప్రభువుకు మన ఈ బలహీనత తెలుసు. అందుకే, యోహాను సువార్త 20వ అధ్యాయంలో చదువుతాం కదా, ఉత్థానమైన రోజు సాయంత్రమే శిష్యుల మీద ఊది, పాపాలు క్షమించే అధికారం వాళ్ళకు ఇచ్చాడు. మూడు రోజుల కిందట తనను వదిలి పారిపోయినవాళ్ళకే ఇచ్చాడు.

ఇక్కడ మొలకాయి ద్వీపపు పునీత డామియన్ గారిని తలుచుకోవాలి. బెల్జియంలో పుట్టిన ఈ గురువు 1873లో, హవాయి దీవులలో కుష్ఠురోగులను వెలివేసి ఉంచిన చోటికి సేవ చేయడానికి వెళ్ళారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రాకూడదని కట్టడి. తొలిరోజుల్లో ఒకసారి ఆయన మఠాధికారి ఓడలో వచ్చారు గానీ, కెప్టెన్ ఆయనను దిగనివ్వలేదు, డామియన్ గారిని ఎక్కనివ్వలేదు. అప్పుడు డామియన్ గారు చిన్న పడవలో ఓడ పక్కకు వెళ్ళి, పైనున్న ఆ గురువుకు వినపడేలా, అందరి ముందూ కేకవేసి తన పాపాలు చెప్పుకున్నారు. పైనుంచి పాపక్షమాపణ అందుకుని వెనక్కి తిరిగారు. వందలాది రోగుల పాపాలు క్షమించే అధికారం ఉన్న మనిషి ఆయన. తన పాపం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ అధికారం పనికిరాలేదు. మరో గురువు కావలసి వచ్చింది. తర్వాత ఆ రోగమే ఆయనకూ సోకి, 1889లో కన్నుమూశారు. 2009లో శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది.

జగద్గురువుల విషయంలోనూ ఇంతే. 2014 మార్చి 28న రోమాలోని పునీత పేతురు మహాదేవాలయంలో ఫ్రాన్సిస్ పోపు గారు జనం పాపసంకీర్తనాలు వినాల్సి ఉంది. ఆయన కూర్చోవలసిన చోటు చూపిస్తే, అక్కడికి కాకుండా మరో గురువు దగ్గరికి నడిచి, అందరూ చూస్తుండగా మోకాళ్ళూనారు. గురుత్వం అంటే ఇదని నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమవుతోంది. తనకోసం వాడుకోలేని అధికారం అది. గురుపట్టాభిషేకంలో ఆ అరచేతులకు పవిత్ర తైలం పూసేది ఇతరుల కోసం. ఆయన చేతులు నాకోసం, ఇంకొకరి చేతులు ఆయన కోసం. ఈ వరుసలో ఎవరూ తమకు తాము చాలరు. రక్షణను ప్రభువు 'సెల్ఫ్ సర్వీస్'గా పెట్టలేదు.

మరి ఆ చేతులు మురికివైతే? నా తాతయ్య పాడె ముందు చందా అడిగిన చేతులైతే?

ఈ ప్రశ్న చాలా పాతది. 303లో దియోక్లెతియాను చక్రవర్తి మొదలుపెట్టిన హింసల్లో, ఉత్తర ఆఫ్రికాలో కొందరు గురువులు భయపడి పరిశుద్ధ గ్రంథాలను అధికారులకు అప్పగించేశారు. అలాంటివాళ్ళ చేతి సంస్కారాలు చెల్లవని దోనాతు వర్గంవారు విడిపోయారు. వాళ్ళకు జవాబు చెప్పింది హిప్పో మేత్రాణులైన పునీత అగస్టీను. జ్ఞానస్నానం పేతురు ఇచ్చినా, యూదా ఇచ్చినా, నిజంగా ఇచ్చేది క్రీస్తే అని ఆయన బోధ. గురువు మంచితనం మీద నా క్షమాపణ ఆధారపడితే, నాకు ఏనాడూ నిశ్చింత ఉండదు. ఆయన గుండెలో ఏముందో నాకేం తెలుసు? 1983 నాటి శ్రీసభ చట్టసంహితలో 976వ నిబంధన చూడండి. చనిపోయే ప్రమాదంలో ఉన్నవారికి ఏ గురువైనా, సేవ నుంచి తొలగించబడినవాడైనా, పాపక్షమాపణ ఇవ్వవచ్చు. శ్రీసభ ఆ గురువును మిగతా పనులన్నిటి నుంచీ తప్పించింది, చనిపోతున్నవాడిని మాత్రం ఒంటరిగా వదల్లేదు.

అయితే దీన్ని తప్పులకు ముసుగుగా వాడకూడదు. సంస్కారం చెల్లుతుంది కాబట్టి గురువు ఎలా ఉన్నా ఫరవాలేదు అనడం పాపం. 2002లో బోస్టన్‌లో బయటపడిన పిల్లల మీది అఘాయిత్యాలు, వాటిని దాచిపెట్టిన పెద్దల తీరు ఈ దేశంలో ఎన్ని ఇళ్ళను విశ్వాసానికి దూరం చేశాయో మనం చూశాం. అలాంటివి తెలిస్తే పోలీసులకు చెప్పాలి, మేత్రాసనానికీ చెప్పాలి. ఇది గురుత్వానికి ద్రోహం కాదు, దాన్ని కాపాడటమే. మా నాన్నను అలా అడగడం కూడా తప్పే. ఈ రోజుకీ నేను దాన్ని ఒప్పని అనను.

కానీ మనం చేతులను చూసే చూపు కూడా సరిచేసుకోవాలి. కొత్త ఫాదర్ గారు వచ్చారనగానే మన తెలుగువాళ్ళలో కొందరు మెల్లగా అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు: 'ఆయన మనోళ్ళేనా?' సముద్రాలు దాటినా ఈ ప్రశ్నను సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకున్నాం. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపులన్నీ అభినందనలతో నిండిపోయాయి. సంతోషమే. కానీ అదే మనం సత్ప్రసాదం అందించే చేతికి కులం వెతికితే, దోనాతు వర్గంవారి కంటే మనం ఎక్కడ మెరుగు? వాళ్ళు కనీసం పాపం గురించి అడిగారు. మనం పుట్టుక గురించి అడుగుతున్నాం.

చివరికి నా తలుపు ఎలా తెరుచుకుందో చెప్పి ముగిస్తాను. 2020 వేసవిలో మా విచారణ గుడి పార్కింగులో పాపసంకీర్తనాలు మొదలుపెట్టారు. మడత కుర్చీలో నైజీరియా నుంచి వచ్చిన పెద్దవయసు ఫాదర్ గారు, ముఖానికి మాస్కు, ఆరడుగుల దూరంలో మనం. ఆయనకు కొంచెం వినికిడి తక్కువ. నా గొంతు వినపడక, గట్టిగా చెప్పమని రెండుసార్లు అన్నారు. చివరికి దాదాపు కేకేసి చెప్పాను. ఆరేళ్ళ పాపాలు, వాటన్నిటికీ మూలంలో ఆ పాత ఫాదర్ గారి మీద కోపం. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, రెండు వారాలకు ఒకసారి తానూ ఇంకో గురువు దగ్గరికి వెళ్తానని చెప్పి, ఆ పాత ఫాదర్ గారి కోసం ఒక జపమాల చెప్పమన్నారు. ఆయన చెయ్యెత్తి క్షమాపణ మాటలు పలికినప్పుడు అవి నా గొంతులోంచి రాలేదు. వాటిని నేను నమ్మగలిగింది అందుకే. మరుసటి వారం మా తమ్ముడికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. వాడు ఒప్పుకోలేదు గానీ, చాలాసేపు విన్నాడు.

ప్రియులారా, మనం ప్రతి ఆదివారం దైవపిలుపుల కోసం ప్రార్థిస్తాం, కానీ పక్కింటి అబ్బాయి కోసమే ప్రార్థిస్తాం. మన కొడుకు కంప్యూటర్ చదవాలి, పక్కింటివాడు గురువు కావాలి. ఈసారి మన ఇంటి పేరు పెట్టి ప్రార్థిద్దాం. మన ఊళ్ళ నుంచి వచ్చి ఈ దేశంలో చలికాలాలు ఒంటరిగా గడుపుతున్న తెలుగు గురువులు మీ దగ్గరలో ఎవరైనా ఉంటే, ఒక ఆదివారం భోజనానికి పిలవండి. పప్పు, ఆవకాయ చాలు. ఎవరి మీదనైనా కోపంతో నాలాగే మీరూ బెంచీలో కూర్చుండిపోతుంటే, ఈ శనివారం వెళ్ళండి. అక్కడ కూర్చున్నాయన పాపే. ఆయన కూడా ఇంకొకరి ముందు మోకాళ్ళూనేవాడే. మీకు ఇవ్వబోయేది మాత్రం ఆయనది కాదు.

ప్రభువు మిమ్ములనూ, మన గురువులనూ దీవించునుగాక. ఆమెన్.