తీసుకోవట్లేదు

పళ్లెం బయటికి వస్తుంది. సీడీ పెడతాం. పళ్లెం లోపలికి పోతుంది. లోపల గిర్రున తిరిగిన చప్పుడు, రెండు టకటకలు, మళ్లీ గిర్రుమనడం. ముందున్న చిన్న అద్దంలో పచ్చటి గీతలు కాసేపు ఆలోచించి ఆఖరికి 'నో డిస్క్' అని తేలుస్తాయి. పెట్టింది మనమే, లోపల ఉందనీ మనకి తెలుసు, అయినా లేదంటుంది. అప్పుడు మా నాన్న వంటింటి వైపు తిరిగి, "తీసుకోవట్లేదే" అనేవాడు. అమ్మ లోపల్నుంచే "ఓసారి ఊదిపెట్టండి" అనేది.

ప్లేయరుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఈ 'తీసుకోవడం' అన్న మాట లేదు. ఇంగ్లీషులో యంత్రం డిస్కుని చదువుతుంది, లేకపోతే చదవదు. మన ఇళ్లలో తీసుకుంటుంది, లేకపోతే తీసుకోదు. చంటిపిల్ల పాలు తీసుకోనట్టు, చిరిగిన నోటు కొట్టువాడు తీసుకోనట్టు, మర్యాద తక్కువైందనుకున్న వియ్యపురాలు కాఫీ తీసుకోనట్టు. నాయనమ్మ మంచాన పడ్డ చివరి వారంలో చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలోనే అడిగిన మాట కూడా అదే: "ఏమన్నా తీసుకుంటున్నారా?" చదవడం చదువుకున్నవాళ్ల పని. తీసుకోవడం అలా కాదు, అందులో ఇష్టం ఉంది, అలక ఉంది, అవతల పెట్టేవాడొకడున్నాడు.

2008 సంక్రాంతికి ముందు తెనాలి నుంచి విజయవాడ వెళ్లి, బీసెంట్ రోడ్డులో పంతొమ్మిది వందలు పెట్టి కొన్నాం ఆ డీవీడీ ప్లేయర్ని. ఆ కొట్టులో అంతకన్నా తక్కువది లేదు. దాని పేరు ఒక పెద్ద కంపెనీ పేరుకి మేనత్త కొడుకులా ఉండేది, ఒక్క అక్షరం తేడా. ఎత్తి చూస్తే బరువే లేదు. నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయని ఊపినట్టు ఊపి చూశాడు. డీవీడీ జపాన్లో మొదట అమ్మకానికొచ్చింది 1996 నవంబరులో. నాన్న లాంటి లెక్కల మాస్టారి జీతానికి అందే ధరకి దిగడానికి పదకొండేళ్ల పైన పట్టింది. ఆ ముందు ఏడే మోజర్ బేర్ కంపెనీ సినిమా డీవీడీని 34 రూపాయలకీ, వీసీడీని 28 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టింది. అంతవరకూ సినిమా అంటే అద్దెకి తెచ్చి మర్నాడు పొద్దున్నే తిరిగిచ్చెయ్యాల్సిన వస్తువు. ఒక్కసారిగా అది కిలో కందిపప్పు కన్నా చవకైపోయింది. అమ్మ మొదట కొనిపించింది 'మాయాబజార్'. మూడు గంటల సినిమా, వీసీడీల్లో అయితే మూడు డిస్కులు మార్చాలి, డీవీడీలో ఒక్కటే.

ఒక్కటే కానీ, అమ్మ దాన్ని ఒక్క దమ్ములో చూసింది తక్కువ. మా పెట్టెలో స్టాప్ ఒకసారి నొక్కితే ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునేది, రెండుసార్లు నొక్కితే మరిచిపోయేది. కరెంటు పోతే మాత్రం ఒకసారీ రెండుసార్లూ లేదు, అంతా మరుపే. వేసవి కోతల్లో సినిమా మళ్లీ మొదటికి వచ్చేది. వెతుక్కుంటూ ముందుకి పరిగెత్తించడం అమ్మకి ఇష్టం ఉండదు, పెద్దవాళ్లని తోసుకుంటూ వెళ్లినట్టు ఉంటుందిట. అందుకని శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి అభిమన్యుణ్ణి చూసే చోటికి అమ్మ ఏ యాభైసార్లో చేరింది, ఘటోత్కచుడి పెళ్లి భోజనం దాకా పదిసార్లు కూడా చేరలేదు. ఆ పెట్టె ఎవరు తెరిస్తే వాళ్లకి ప్రియమైనది చూపిస్తుంది కదా. కృష్ణుడు తెరిస్తే శకుని కనిపిస్తాడు. "మన పెట్టె నయం, ఎవరు తెరిచినా 'నో డిస్క్' అంటుంది" అని నాన్న.

పెదనాన్న వాళ్లింట్లో ఉన్నది ఏడు వేల రూపాయల అసలు కంపెనీది. రెండు వీధుల అవతలే ఇల్లు. న్యూజెర్సీ నుంచి వచ్చిన బాబాయ్ పిల్లలందరికీ కలిపి ఒక బొమ్మల సినిమా డీవీడీ తెస్తే, అది పెదనాన్న వాళ్ల ప్లేయరు తీసుకోలేదు. రీజియన్ వేరని రాసి చూపించింది. డీవీడీలు చేసినవాళ్లు లోకాన్ని ముక్కలుగా పంచుకున్నారు: అమెరికా ఒకటో నంబరు, మనం, రష్యా, ఆఫ్రికాలో చాలా భాగం అయిదో నంబరు. విమానాలకీ ప్రయాణికుల ఓడలకీ ఎనిమిదో నంబరు. ఏ నేలకీ చెందనివాళ్లకి కూడా ఒక నంబరు కేటాయించిన ముందుచూపు చూస్తే, మన గ్రామ కరణాలు గుర్తొస్తారు నాకు. డబ్బిచ్చి కొన్న డిస్కే, కానీ పుట్టిన చోటు సరిపోలేదు. అదే డిస్కు మా పంతొమ్మిది వందల పెట్టెలో పెడితే మారు మాట్లాడకుండా తీసుకుంది. "కంపెనీవాడికి నియమాలుంటాయి బాబూ, దీనికేం ఉంది, ఏది పెట్టినా తింటుంది" అన్నాడు స్టేషన్ రోడ్డులో మెకానిక్కు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వచ్చినవాడి ఊరూ పేరూ అడక్కుండా అన్నం పెట్టేవారని చిన్నప్పుడు చదువుకున్నాం. అట్టపెట్టె బరువున్న ప్లాస్టిక్ సామాను గురించి చెబుతూ ఆవిడ పేరెత్తడం అపచారమేమో గానీ, ఆ రోజు నాకు గుర్తొచ్చింది మాత్రం ఆవిడే.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాచను. ఏదైనా తీసుకునేది దొంగ సరుకూ తీసుకుంటుంది. ఒక్కోదాంట్లో నాలుగు కొత్త సినిమాలు కుక్కిన డిస్కులు ఫుట్‌పాత్ మీద పాతిక రూపాయలు. హాల్లో కెమెరా పెట్టి తీసినవి, మధ్యలో ఎవడో లేచి తెరకి అడ్డంగా నడుచుకుంటూ పోతాడు. పెదనాన్న వాళ్ల ప్లేయరు వాటిలో సగాన్ని తోసేసేది, మాది అన్నిటినీ కళ్లకద్దుకునేది. అందర్నీ ఆదరించే ఇంటికి మంచీ చెడూ తెలియదనాలా? నియమం తప్పనిదాన్ని నిప్పులాంటిదనాలా, మొండిదనాలా? పదిహేనేళ్లు ఆలోచించినా నాకు తేలలేదు. నేనైతే మా పెట్టె పక్షమే, కాకపోతే అది న్యాయం తెలిసిన పక్షమని చెప్పలేను.

రెండో ఏడు నుంచి అది కూడా మారాం మొదలుపెట్టింది. పళ్లెం బయటికి రావాలంటే నెత్తిన ఒక్కటి వెయ్యాలి. లోపల పళ్లేన్ని లాగే సన్నటి రబ్బరు బెల్టు సాగిపోయిందట, ఇరవై రూపాయలకి మార్చాడు మెకానిక్కు. తర్వాత బొమ్మ గళ్లు గళ్లుగా రావడం, మనిషి ముఖం సగం కదిలి సగం నిలిచిపోవడం. ఒకరోజు నాన్న ఆ 'మాయాబజార్' డిస్కునీ, పెట్టెనీ కలిపి తువ్వాల్లో చుట్టుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్లాడు. నేను వెంట ఉన్నాను. అతను డిస్కుని ట్యూబ్‌లైటు కిందికి పట్టుకుని ఏటవాలుగా తిప్పాడు. గుండ్రంగా, మువ్వల గొలుసులా, సన్నటి గీతలు.

"దేంతో తుడుస్తున్నారు మాస్టారూ?"

"పంచె అంచుతో. మెత్తగానే ఉంటుందే?"

"మెత్తదనం కాదండీ. కంచం తుడిచినట్టు గుండ్రంగా తిప్పుతున్నారు. మధ్యలోంచి అంచుకి లాగాలి."

ఎందుకో కూడా చెప్పాడు. డిస్కు మీద సంగతి అంతా మధ్యలో మొదలై అంచు దాకా చుట్టలు చుట్టుకుంటూ పోయే ఒకే దారి. గ్రామఫోను ప్లేటుకి తిరగేసి అన్నమాట, అది అంచు నుంచి లోపలికి. ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే మన వెంట్రుక ఒకటి పడితే దాని కింద తొంభై చుట్లు దాక్కుంటాయి. మధ్య నుంచి అంచుకి అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో చిటికెడు చిటికెడు మాత్రమే తింటుంది. చుట్టు వెంబడే పడిన గీత ఒకే చోటున్న సంగతినంతా వరసగా పట్టుకుపోతుంది. మొదటిదాన్ని ప్లేయరు సర్దుకుంటుంది. రెండోదాన్ని సర్దుకోలేదు.

పోయినదాన్ని యంత్రం ఊహించి పూడుస్తుందనుకునేవాణ్ణి. ఇంజినీరింగ్‌లో చేరాక తెలిసింది, ఊహ కాదట. రీడ్, సాలమన్ అని ఇద్దరు గణితవేత్తలు 1960లో చెప్పిన పద్ధతి మీద, డిస్కు తయారు చేసేటప్పుడే సంగతిని అడ్డం వరసలు, నిలువు వరసలుగా పేర్చి ప్రతి వరసకీ కొన్ని అదనపు అంకెలు చేరుస్తారు. సెలవులకి ఇంటికొచ్చి నాన్నకి ఇది చెబుతుంటే నన్ను సగంలోనే ఆపేశాడు. "మార్కుల రిజిస్టరేగా" అన్నాడు. పిల్లవాడి మొత్తం కుడివైపు, సబ్జెక్టు మొత్తం అడుగున. మధ్యలో ఒక మార్కు మీద సిరా ఒలికినా రెండు కూడికలూ చూసి ఆ మార్కేదో కచ్చితంగా చెప్పెయ్యొచ్చు. "పక్కపక్కనే రెండు వరసలు మొత్తం తడిసిపోతే?" అన్నాను. "అప్పుడు మళ్లీ పరీక్ష పెట్టాల్సిందే" అన్నాడు.

ఆ అదనపు అంకెలే నా బుర్రలో ఉండిపోయాయి. వాటిలో సినిమా లేదు. పాట లేదు. అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం వాటికి పనే లేదు, చోటు దండగ. గీత పడ్డ రోజున మాత్రం పోయినదాన్ని వెనక్కి తెచ్చేవి అవే. మన ఇళ్లలో ఏమిటివి అని వెతుక్కుంటే, "భోంచేశారా", "ఎండ మండిపోతోంది కదూ", "ఇటుగా వెళ్తూ ఓసారి తొంగి చూశాను" లాంటి మాటలు తట్టాయి. భోజనం వేళ దాటి వచ్చినవాణ్ణి భోంచేశావా అని అడగడంలో సమాచారం ఏముంది? ఏమీ లేదు. ఉద్యోగంలో చేరాక నాకు ఇలాంటివి చిరాకు. ఫోనెత్తి విషయం చెప్పి పెట్టేసేవాణ్ణి. విషయం తప్ప ఇంకేమీ చెప్పుకోని చోట ఒక మాట తప్పుగా వినపడితే, అది తప్పని చెప్పడానికి పక్కన ఇంకో మాట ఉండదు.

నాన్నకీ పెదనాన్నకీ జరిగింది అదే. ఊళ్లో తాతయ్య వదిలిన పదిహేను సెంట్ల దొడ్డి. హద్దురాయి ఎక్కడన్నదే తగువు. రాయి గురించి తప్ప ఇంకే సంగతీ మాట్లాడుకోవడం మానేశారు. ముందు పండక్కి రావడం పోయింది, తర్వాత పొలం కౌలు లెక్కలు మనుషుల ద్వారా పంపుకోవడం, ఆ తర్వాత అవసరమైన కాగితాలు మాత్రం పోస్టులో. ఏడాదికేడాది అదే చుట్టు మీద అదే గీత. నాయనమ్మ పోయినప్పుడు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కర్మకాండ చేశారు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. నాయనమ్మ పోవడం పెద్ద దెబ్బే, కానీ అది అడ్డంగా పడింది, అందరం తట్టుకున్నాం. ఆ రాయి మాత్రం దారి వెంబడే గీసుకుంటూ పోయింది. 2011లో పెదనాన్న కూతురు, మా అక్క, పెళ్లికి మేం వెళ్లలేదు. శుభలేఖ వచ్చింది, మనిషి రాలేదని.

2013లో ఒక ఆదివారం మధ్యాహ్నం పెదనాన్న వచ్చాడు. చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే నిలబడి, చేతిలో ఉన్న తెల్ల కాగితపు సంచీని చూస్తూ, "మా దాంట్లో తీసుకోవట్లేదురా. మీది ఏదైనా తీసుకుంటుందని చంటాడు చెప్పాడు" అన్నాడు. చంటాడంటే న్యూజెర్సీ బాబాయే. సంచీలో అక్క పెళ్లి డీవీడీ, ఫొటోగ్రాఫరు కంప్యూటర్లో రాసిచ్చినది. పైన మార్కరుతో అక్క పేరు, బావగారి పేరు, తేదీ. ఏడు వేల ప్లేయరుకి కళ్లు మందగించాయో, ఇంట్లో రాసిన డిస్కంటే మొదట్నుంచీ పడదో, నాకు తెలియదు. టౌన్లో ఇంకెవరింట్లోనూ ప్లేయరే లేదా అని కూడా నేనడగలేదు.

నాన్న పంచె అంచు తీసుకున్నాడు. మధ్యలోంచి అంచుకి, మధ్యలోంచి అంచుకి, మెల్లిగా, చుట్టూ ఓ పది పన్నెండు సార్లు. పళ్లెంలో పెట్టాడు. గిర్రుమంది, టకటకమంది. 'నో డిస్క్'. బయటికి తీసి మళ్లీ పెట్టాడు. ఈసారి ఇద్దరూ ఒంగి ఆ చిన్న అద్దంలోకి చూస్తున్నారు, బావిలోకి చూసినట్టు.

"తీసుకుందా?" అన్నాడు పెదనాన్న.

"ఉండు."

మూడోసారికి తీసుకుంది. సన్నాయి వినపడింది. అమ్మ స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి, కొంగు భుజం మీదికి లాక్కుని, "తీసుకోండి బావగారూ" అంది. ఆయన గ్లాసు అందుకుని, తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

కాళ్లు కడగడం, గౌరీపూజ, బుట్టలో పెళ్లికూతురు, అన్నీ సాఫీగానే వచ్చాయి. "మేనమామ మోస్తున్నాడు, చూడు, వాడికి నడుం నెప్పి" అన్నాడు పెదనాన్న. "ఎండాకాలం ముహూర్తం కదా, ఏసీ పెట్టించారా హాల్లో?" అన్నాడు నాన్న. పెట్టించలేదట, కూలర్లట. కూలర్ల అద్దె ఎంతో, భోజనాలు ఎందరికో, పెరుగు పుల్లబడిందో లేదో, అలా చాలాసేపు సాగింది. ఆ పదిహేను సెంట్ల ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఆ దొడ్డి ఇప్పటికీ అలాగే ఉంది, సర్కారు కంప మొలిచి.

తలంబ్రాల దగ్గర బొమ్మ ఆగిపోయింది. అక్క రెండు చేతులూ పైకెత్తి ఉంది, బియ్యం సగం గాలిలో ఉన్నాయి, బావగారి తల చుట్టూ గళ్లు గళ్లుగా చిట్లిన రంగులు. నాన్న రిమోట్ తీసి, ముందుకి దాటించెయ్యడానికి బొటనవేలు బొత్తాం మీద పెట్టాడు.

"ఉండనీరా," అన్నాడు పెదనాన్న, తెరమీంచి కళ్లు తిప్పకుండానే. "అదే వస్తుంది."