నాయిన యాడున్నడు?

పటాన్‌చెరు దగ్గర లక్డారం క్వారీల వైపు పోయే దారిలో చెట్లు ఆకుపచ్చగా ఉండవు. కంకర మిషన్ల దుమ్ము ఆకుల మీద సున్నం పూసినట్టు పేరుకొని ఉంటుంది. పెద్దవాన పడ్డ నాలుగు రోజులు మాత్రం అవి చెట్లన్న సంగతి గుర్తొస్తుంది. ఆ దారి పక్క చాయ్ హోటల్ దగ్గర ఒక మధ్యాహ్నం ఆగాను. ఎదురుగా రేకుల షెడ్డు నీడలో ఒక అవ్వ, ఆమె మనవరాలు కూర్చొని ఉన్నారు. గుట్ట దగ్గర ఎవరో విజిల్ వేశారు. చప్పుడింకా రాలేదు, పిల్ల అప్పుడే రెండు చేతులతో చెవులు మూసుకుంది. చూపు మాత్రం గుట్ట మీద లేదు, నాయనమ్మ మొహం మీద ఉంది. ఆ మొహం ఎప్పటిలాగే ఉంది. గుట్ట పేలింది, రేకులు గలగలలాడాయి, పిల్ల నవ్వింది.

అవ్వకు అరవై దగ్గర పడినట్టున్నాయి. ఎందుకో లెక్క వేశాను. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటించినప్పుడు ఆమెకు ఎనిమిదో తొమ్మిదో ఉండి ఉంటాయి, మనవరాలంత. ఆమె బతుకు గురించి నాకేమీ తెలియదు. అందుకని ఆమెను వదిలేసి, అదే ఈడు పిల్లనొకదాన్ని ఊహించుకుంటున్నాను. తండ్రి బడిపంతులు అనుకుందాం. ఆ రోజుల్లో విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద జైలుకు పోయినవాళ్లలో పంతుళ్లు తక్కువేం కాదు. పిల్లకు పేరు పెట్టను. పేరు పెడితే కథవుతుంది, నాకు కావలసింది కథ కాదు.

ఆ పిల్లకు ఎమర్జెన్సీ అనే మాట తెలియదు. తెలిసింది ఏమిటంటే, రేడియో గొంతు తగ్గింది. గూట్లో ఉండే పుస్తకాలు జొన్నల గరిసెలోకి పోయాయి. రాత్రి కుక్క మొరిగితే అమ్మ లేచి కూర్చుంటోంది. రోజూ వచ్చే చిన్నాయిన రావడం మానేశాడు. ఒక తెల్లవారి లేచి చూస్తే నాయిన లేడు. ‘‘నాయిన యాడున్నడే?’’ అంటే, ‘‘ఊరికి పోయిండు బిడ్డా. ఎవరడిగినా గట్లనే చెప్పు’’ అంది అమ్మ. పిల్ల వాకిట్లోకి పోయి చూసింది. నాయిన చెప్పులు అక్కడే ఉన్నాయి.

ఊరికి పోయేవాడు చెప్పులు వదిలి పోడు. ఎనిమిదేళ్ల బుర్రకు ఆపాటి తర్కం చాలు. అమ్మ చెప్పింది అబద్ధమని పిల్లకు తెలుసు. పిల్లకు తెలిసిపోయిందని అమ్మకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట మీద నిలబడి గంజి తాగుతారు.

అబద్ధం గురించి లోకంలో పెద్ద వాదాలున్నాయి. హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా సరే, అబద్ధమాడకూడదని జర్మన్ తాత్వికుడు కాంట్ 1797లో రాశాడు. (ఆయన పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఆ సంగతి వాదానికి సంబంధం లేనిదని ఆయనే అని ఉండేవాడు.) మన వైపు శుక్రాచార్యుడు అంత కఠినుడు కాదు. పోతన భాగవతంలో బలిచక్రవర్తికి ఆయన మినహాయింపుల పట్టీ చదివి వినిపిస్తాడు. ఆడవాళ్ల విషయంలో, పెళ్లి విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయే వేళ, గోబ్రాహ్మణులను కాపాడే వేళ బొంకవచ్చునట. ఆ పట్టీలో పిల్లల ఊసు లేదు. ఇద్దరు పెద్దలూ తలుపు బయట నిలబడ్డవాడికి చెప్పే అబద్ధం గురించే ఆలోచించారు. తలుపు లోపల, ఒళ్లో కూర్చున్న పిల్లకు చెప్పే అబద్ధం వాళ్లకు తట్టలేదు. దాన్ని ఆ పిల్ల నోటనే బజారుకు పంపడం అసలే తట్టలేదు.

ఆ తల్లిని నేను తప్పుపట్టలేను. నిజం చెబితే పిల్ల బడిలో అనవచ్చు, ఆ మాట ఎక్కడికైనా పోవచ్చు. కానీ ఒక ప్రశ్న నన్ను వదలదు. ఆ రోజు పిల్ల నోరు మూయించిందెవరు? ఏ పోలీసూ ఆ పిల్ల జోలికి రాలేదు. ఏ ఆర్డినెన్సులోనూ ఆమె పేరు లేదు. ఆమె పెదవుల మీద పడిన వేలు ప్రాణమిచ్చే అమ్మది. ప్రేమతోనే ఈ పని చేయించుకోగలిగిన ప్రభుత్వం ముందు ప్రేమ ఏమవుతుంది? అది ఓడిపోయిందనాలా, ఆ ఒక్క పూటకు గెలిచిందనాలా?

లక్డారం నుంచి ముంబై రోడ్డు మీద ఇంకొంచెం పడమరకు పోతే సంగారెడ్డి. అక్కడి పాత జైలు 1796లో కట్టింది. ఖైదీలను కొత్త జైలుకు మార్చాక దాన్ని మ్యూజియం చేశారు. 2016లో ఒక పథకం పెట్టారు. 500 రూపాయలు కడితే ఎవరైనా ఒక పగలు, ఒక రాత్రి అందులో ఖైదీలా ఉండవచ్చన్నారు. ఖైదీ బట్టలు, ఖైదీ తిండి. నేను దాన్ని వెక్కిరించను. గోడ లోపల కాలం ఎంత మెల్లగా నడుస్తుందో తెలుసుకోవాలనుకోవడం మంచిదే. కాకపోతే లోపలి మనిషికి రోజులు లెక్కపెట్టుకోవడానికి ఒక గోడైనా ఉంటుంది. ములాఖత్ రోజున గేటు బయట, టిఫిన్ గిన్నె ఒళ్లో పెట్టుకొని, పేరు పిలిచేదాకా కూర్చున్న పిల్ల ఏం లెక్కపెట్టుకోవాలి? ఆ అనుభవానికి 500 రూపాయల టికెట్ ఎవరూ పెట్టలేదు. పెట్టినా కొనగలమా? ఎనిమిదేళ్ల వయసు ఎవరు అద్దెకిస్తారు?

పిల్ల అడిగిన ‘నాయిన యాడున్నడు’ అనే ప్రశ్నకు న్యాయశాస్త్రంలో ఒక లాటిన్ పేరుంది. హెబియస్ కార్పస్. మీరు పట్టుకుపోయిన మనిషిని తెచ్చి నా ముందు నిలబెట్టండి, ఏ చట్టం కింద పట్టుకున్నారో చెప్పండి అని కోర్టు ప్రభుత్వాన్ని అడగడం. నల్లకోట్లు తీసేసి చూస్తే ఇది వాకిట్లో చెప్పులు చూసిన పిల్ల అడిగిందే. ఎమర్జెన్సీలో తొమ్మిది హైకోర్టులు ఈ ప్రశ్న అడగవచ్చన్నాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, జబల్పూర్ ఏడీఎం కేసులో, అడగడానికి వీల్లేదంది. ఐదుగురిలో నలుగురు ఆ మాటన్నారు. వాదనల మధ్య జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ప్రభుత్వ న్యాయవాదిని ఒకటి అడిగారు. ఒక పోలీసు సొంత పగతో మనిషిని చంపేస్తే అప్పుడైనా దారి ఉందా అని. ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్లు లేదన్నదే జవాబు. ఖన్నా ఒక్కరే భిన్నంగా తీర్పు రాశారు. మరుసటి జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ను దాటి ఆయన కంటే జూనియర్‌కు పోయింది. ఆయన రాజీనామా చేశారు.

ఆ నలుగురిలో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ ఒకరు. అప్పుడు ఆయన కొడుక్కి పదహారేళ్లు. నలభై ఒక్క ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో జబల్పూర్ తీర్పులో తీవ్రమైన లోపాలున్నాయని, దాన్ని కొట్టివేస్తున్నామని రాసింది ఆ కొడుకే, జస్టిస్ డి.వై. చంద్రచూడ్. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు చట్టం కంటే ఆ ఇల్లు కళ్లకు కడుతుంది. తండ్రి ఆ తీర్పు రాస్తున్న నెలల్లో ఆ ఇంట్లో రాత్రిపూట అన్నాల దగ్గర ఏం మాట్లాడుకొని ఉంటారు? పదహారేళ్లవాడు ఏమైనా అడిగాడా? అది నా ఊహకు అందదు, అందకూడదు కూడా. ఒకటి మాత్రం అనిపిస్తుంది. పట్టుకుపోయిన ఇంట్లోనే కాదు, పట్టుకుపోవడం సరేనన్న ఇంట్లోనూ పిల్లలుంటారు. జవాబు రాని ప్రశ్నకు కాలదోషం లేదు.

ఖన్నా అడిగింది ఊహాప్రశ్న అనుకుంటాం. ఎమర్జెన్సీ వచ్చి సరిగ్గా నెల తిరగగానే, 1975 జూలై 25న, అప్పటి మెదక్ జిల్లాలోనే గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోయారు. వాళ్లలో వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి సూరపనేని జనార్దన్ ఒకడు. పోలీసులు నక్సలైట్లతో ఎదురుకాల్పులన్నారు. ఎమర్జెన్సీ పోయాక విచారించిన తార్కుండే కమిటీ, వాళ్లను ముందే పట్టుకొని చెట్లకు కట్టి కాల్చారని చెప్పింది. వాళ్ల ఇళ్లలో ప్రశ్న తిరగబడింది. కొడుకు యాడున్నడని తల్లులు అడిగారు.

ఇక మెదక్ వాళ్లం మాట్లాడటానికి ఇబ్బందిపడే సంగతి. 1977లో దేశం ఎమర్జెన్సీ పెట్టిన ఇందిరాగాంధీని ఓడించినప్పుడు ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. 1980లో ఆమె రాయబరేలీతో పాటు మెదక్‌లోనూ నిలబడి, ఎస్. జైపాల్ రెడ్డి మీద గెలిచి, రాయబరేలీని వదులుకొని మెదక్‌ను ఉంచుకుంది. 1984 అక్టోబర్ 31న చనిపోయేనాటికి ఆమె మన ఎంపీ. ఈ పల్లెల్లో ఎన్ని ఇళ్లలో దేవుడి పటాల వరసలో ఆమె ఫొటో ఉండేదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. జనానికి బుద్ధి లేకనా? ఆ మాట పట్నం వాళ్లు తేలిగ్గా అంటారు. ఇందిరమ్మ పేరు మీద పట్టా చేతికొచ్చిన కూలామె, పటాన్‌చెరు కంపెనీలో కొడుక్కి కొలువు దొరికిన రైతు ఆమెను తలుచుకుంటే అందులో అబద్ధమేమీ లేదు. ఆకలి తీర్చిన చెయ్యి ఆకలి తీర్చిందే. కానీ నా ఊహలోని పిల్ల పక్కింటికి ఆడుకోవడానికి పోతే అక్కడ గోడ మీద పూలదండతో ఆ ఫొటో ఉంటుంది. అది ఎవరిదో ఆమెకు తెలుసు. పక్కింటామె ప్రేమగా బెల్లం ముక్క చేతిలో పెడుతుంది. పిల్ల తింటుంది. ఆ బెల్లం రుచి ఎట్లా ఉంటుందో రాయగలిగితే మన రాజకీయ చరిత్ర సగం రాసినట్టే.

ఇక్కడిదాకా వచ్చి ఒక పక్కనే నిలబడి మాట్లాడుతున్నానా అని నాకే అనుమానం. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్‌ను నక్సలైట్లు కాల్చి చంపారు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో ఊరి నడుమ ప్రాణం పోగొట్టుకున్న పేదవాళ్లున్నారు, మందుపాతరలకు పోయిన కానిస్టేబుళ్లున్నారు. వాళ్ల పిల్లలూ వాకిట్లో చెప్పులు చూసి ఉంటారు. రెండు పక్కలా సమానమే అని ఇక్కడ తక్కెడ తూచి చేతులు దులుపుకోవచ్చు. నేనలా అనను. చట్టం మీద ప్రమాణం చేసి తుపాకీ పట్టినవాడికి జవాబు చెప్పే బాధ్యత ఎక్కువ. ఆ ఇంటి పిల్లకు ఈ వాదనతో పనిలేదు, అంతే. విప్లవం కోసమో శాంతిభద్రతల కోసమో అని ఆమెకు చెప్పేవాడు, ఆమె కళ్లలోకి చూసి చెప్పాలి.

జి.ఎన్. సాయిబాబాకు పసితనంలోనే పోలియో వచ్చి కాళ్లు పోయాయి. అమలాపురంలో తల్లి ఆయన్ను ఎత్తుకొని బడికి తీసుకుపోయేది. ఆ పిల్లవాడు ఢిల్లీలో ఇంగ్లిష్ ప్రొఫెసరయ్యాడు. 2014 మేలో మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణ మీద అరెస్టు చేసేనాటికి ఆయన కూతురింకా బడిలో చదువుతోంది. 2020 ఆగస్టులో ఆయన తల్లి హైదరాబాద్‌లో చనిపోతే, నాగపూర్ జైలు నుంచి కడచూపుకు పెరోల్ దొరకలేదు. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి నిర్దోషి అని విడుదల చేసింది. అక్టోబర్ 12న ఆయన పోయారు. కూతురు, తండ్రి, తల్లి, ఈ ముగ్గురిలో పిల్ల ఎవరు? నాకు ముగ్గురూ పిల్లల్లాగే కనిపిస్తారు. ముగ్గురూ ఎదురుచూశారు. వాకిలి వైపు చూస్తూ కూర్చున్నవాళ్ల వయసు ఎప్పుడూ ఎనిమిదే కాబోలు.

లక్డారానికి దగ్గర్లోనే పాశమైలారం. 2025 జూన్ 30 ఉదయం సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు వాళ్లలో చాలామంది. రోజుల తరబడి ఇంటివాళ్లు ఆస్పత్రుల దగ్గర, గేటు దగ్గర తిరిగారు. డీఎన్‌ఏ పరీక్షలు చేశారు. కొందరి ఆనవాలు వాటిలోనూ దొరకలేదు. ఇది రాజకీయ నిర్బంధం కాదు, దీన్ని దానితో కలపడం న్యాయమా అని ఈ పేరా రాస్తూ రెండుసార్లు కొట్టేశాను. మళ్లీ రాశాను. కారణాలు వేరు, నేరాలు వేరు. పిల్ల భాష మాత్రం మారలేదు, భోజ్‌పురిలోనో ఒడియాలోనో అదే ప్రశ్న. ఇంకో పోలిక కూడా ఉంది. ఈ కంపెనీల దారిన పోయే కూలీ, మిషన్ వేడెక్కుతోందనో జీతం తక్కువైందనో నోరు తెరవబోతే ఇంట్లోంచి వినబడే మాట, ‘ఊకో, మనకెందుకు’. అది ఎవరు నేర్పితే వచ్చింది? ఏ గరిసెలో పుస్తకాలతో పాటు దాచిపెట్టిన మాట అది?

చాయ్ ఎప్పుడో చల్లారింది. ఆ రోజు చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. గుట్ట దగ్గర మళ్లీ పేల్చలేదు. టిప్పర్లు వరసగా పోతున్నాయి. ఎండ దిగాక పిల్ల అవ్వ కొంగు లాగి అడిగింది. ‘‘నాయిన యాడున్నడే?’’

నేను అప్రయత్నంగా అవ్వ మొహం వైపు చూశాను.

‘‘డ్యూటీకి పోయిండు. ఆరింటికొస్తడు’’ అంది అవ్వ, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, తలెత్తకుండా.

గడియారం చూసుకున్నాను. ఆరుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. నాకు పటాన్‌చెరులో పనుంది, అప్పటికే ఆలస్యమైంది. ఇంకో చాయ్ చెప్పాను.