వసంత, వాసంతి

కోనసీమలో వైనతేయ పాయ పక్కన ఒక లంక ఊరు. ఆ ఊళ్లో కొబ్బరి దింపు తీసి బతికే ఒకతనికి పెళ్లయిన నాలుగేళ్లకు ఆడపిల్ల పుట్టింది. పంతులుగారు పంచాంగం తిరగేసి రోహిణి రెండో పాదమన్నారు. ‘వ’ అక్షరం మీద పేరు పెట్టుకోమన్నారు.

ఆ మాట వినగానే పిల్ల నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. ఆవిడకు వసంత అని ఒక కూతురుండేది. తొమ్మిదో ఏట విషజ్వరం తగిలి పోయింది. ఫొటో కూడా లేదు. ట్రంకు పెట్టె అడుగున, కలరా ఉండల మధ్య, ఆ పిల్ల పూల గౌను ఒకటి మాత్రం ఇంకా ఉంది.

“మన వసంతే మళ్లీ వచ్చిందిరా అబ్బాయ్. వేరే పేరు ఆలోచించకు” అంది కొడుకుతో.

ఈ సంగతి పిల్ల అమ్మమ్మకు తెలిసింది. ఆవిడ మంచి మనిషి, వియ్యపురాలి కడుపుకోత ఎరగనిదీ కాదు. కానీ అసలే రోహిణి. మేనమామకు గండమంటారని కొడుకు గురించి అప్పటికే బెంగ పెట్టుకుని ఉంది. దాని మీద చిన్నతనంలో పోయిన పిల్ల పేరంటే గుండె దడదడలాడింది. అల్లుణ్ని పెరట్లోకి పిలిచింది.

“అల్లుడుగారూ, మీ అమ్మగారి మాట తీసెయ్యమనటం లేదండీ. మొదట ఒక దీర్ఘం, చివర ఒక గుడి పెట్టండి. వాసంతి అనండి. ఆవిడ ముచ్చటా తీరుతుంది, ఆ పిల్ల ఆయుష్షు మన పిల్లకి రాకుండానూ ఉంటుంది.”

ఆకాశమంత ఎత్తు చెట్టెక్కి, మొవ్వులో కాళ్లు బిగించి, గెలలు నరికే మనిషి అతను. తల్లికీ చెప్పలేకపోయాడు, అత్తగారికీ చెప్పలేకపోయాడు. ఇద్దరితోనూ “అలాగే” అన్నాడు.

బారసాల నాడు ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి అతని ముందు పెట్టారు. బంగారపు ఉంగరం వేళ్ల మధ్య పట్టుకుని ‘వసంత’ అని రాశాడు. తల్లికి చదువు రాదు. ఏం రాశావురా అని అడిగి, చెప్పించుకుని, పళ్లానికి దండం పెట్టింది. భోజనాలకు లేచిన సందడిలో అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. అతను అరచేత్తో బియ్యం చదును చేసి, మళ్లీ ఉంగరం తీసుకుని ‘వాసంతి’ అని రాశాడు. నాయనమ్మ పిల్ల కుడి చెవిలో ఒక పేరు చెప్పింది. కాసేపటికి అమ్మమ్మ అదే చెవిలో ఇంకో పేరు చెప్పింది.

గదిలో మంచం మీదున్న బాలింత రాత్రి మొగుణ్ని అడిగింది. “ఇంతకీ దీని పేరేంటండీ?”

“రెండూ ఒకటేగా. ఒక దీర్ఘం తేడా. చూద్దాంలే” అన్నాడు.

ఆ చూద్దాంలే పదిహేనేళ్లు నడిచింది. పురుడు పుట్టింటి ఊళ్లో జరిగింది కనక జనన ధ్రువపత్రం తాతగారు రాయించారు, వాసంతి అని. బళ్లో వేసేటప్పుడు నాయనమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వసంత అని చెప్పింది. రేషన్ కార్డులో వసంత, ఆధార్‌లో వాసంతి. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరికి తెలిసిన పేరు వాళ్లు చెప్పారు.

పిల్లకు మాత్రం చాలా చిన్నప్పుడే ఒక విద్య పట్టుబడింది. ఏ ఇంట్లో ఏ పేరుకు పలకాలో, ఎవరి ముందు ఏ పేరు చెబితే ఎవరి మొహం చిన్నబోతుందో తెలిసిపోయింది. పుస్తకాలకు అట్టలు వేసుకుని లేబుల్ మీద ఇంటిపేరు రాసేది, దాని పక్కన ‘వ’ అని రాసి చుక్క పెట్టేది. తరగతి, సెక్షన్, సబ్జెక్టు గుండ్రటి అక్షరాలతో పూర్తిగా ఉండేవి. పేరు ఒక్కటే అక్కడ ఆగిపోయేది.

పదో తరగతిలో పబ్లిక్ పరీక్షలకు పేర్లు పంపే ముందు హెడ్మాస్టరు అందరి కాగితాలూ సరిచూశారు. తండ్రిని పిలిపించి రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టారు.

“మీ అమ్మాయి పేరేంటయ్యా?”

“మా అమ్మ ఏమో వసంత అంటాదండి. మా అత్తయ్యగారేమో...”

“వాళ్లు ఏమంటారని కాదు. మీ అమ్మాయి పేరు అడుగుతున్నాను. సోమవారం నాటికి చెప్పండి. ఇక్కడ ఎక్కిన పేరే రేపు మెమో మీద వస్తుంది.”

పిల్ల తండ్రి మొహం వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అప్పటికి అమ్మమ్మ పోయి రెండేళ్లయింది. పోయినావిడ భయాన్ని తోసిపుచ్చలేడు, బతికున్నావిడ ఆశను తెంచలేడు. ఆదివారం సాయంత్రం వరకూ తండ్రి ఇంట్లోనూ అరుగు మీదా తిరుగుతూ గడిపాడు. చివరికి పిల్లే వెళ్లి నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. పుట్టినప్పుడు పెరట్లో అమ్మమ్మ ఏం అడిగిందో, ఎందుకడిగిందో కూడా చెప్పింది. ఆ సంగతి నాయనమ్మ వినడం అదే మొదలు.

ముసలావిడ చాలాసేపు మాట్లాడలేదు.

“మీ అమ్మమ్మ భయపడిందా? భయపడదూ మరి! నేనైనా అంతే. వాసంతి అనే రాయించుకోవే. నా కూతురి పేరు ఏ రిజిస్టర్లో ఉందని? నా దగ్గరుంది, ఉంటది. ఈ ముక్క మీ నాన్న ఆ వేళే అడిగుంటే ఆ వేళే చెప్పేదాన్ని. ఒక పూట ఏడ్చేదాన్నేమో. పదిహేనేళ్లు నువ్వు నాకోసం పేరు దాచుకున్నావా తల్లీ?”

అరుగు మీద కూర్చున్న తండ్రికి ప్రతి మాటా వినబడింది.

*

నీతి

రెండు పేర్లలో ఒకటి వదులుకోక తప్పనప్పుడు, ఆ వదులుకోవడంలోని నొప్పి పెద్దవాళ్లే పడాలి. పిల్ల మీదికి నెట్టకూడదు. ఏ పేరు ఉంచుతున్నామో, ఏది వదిలేస్తున్నామో, వదిలేసిన పేరు ఎవరిదో వాళ్లకు ఎదురుగా చెప్పాలి.

ఈ కథలో తండ్రి చెడ్డవాడు కాదు. ఇద్దరినీ నొప్పించకూడదనుకున్నాడు. మన ఇళ్లలో ఇలాంటి మంచితనం చాలా ఉంది, నాకు దాని మీదే ఎక్కువ భయం. అతను తల్లిని ప్రేమించాడు కానీ ఆవిడ ఒక మాట తట్టుకోగలదని నమ్మలేదు. వియ్యపురాళ్లిద్దరూ ఒక్కసారి ఎదురుబొదురు కూర్చుంటే తేలిపోయే విషయం. ఒకరి దుఃఖం ఇంకొకరికి తెలియనివ్వకుండా మధ్యలో నిలబడింది అతనే.

రెండు పేర్లూ బొత్తిగా వేరైతే ఇంత చిక్కు రాదు. సత్యవతిని ఇంట్లో చిట్టి అంటే అది ముద్దు పేరని లోకమంతటికీ తెలుసు. వసంత, వాసంతి అలా కాదు. చూసినవాడు ఒకదానికి ఇంకొకటి రాతలో దొర్లిన తప్పనుకుంటాడు, లేదా ఇద్దరు మనుషులనుకుంటాడు. పైగా ఇంగ్లిషు రాతలో మన దీర్ఘం ఎగిరిపోతుంది. అక్కడ ఈ రెండు పేర్లకూ చివరి అక్షరం ఒక్కటే తేడా, ‘ఏ’కు బదులు ‘ఐ’. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి వేలు ఒకసారి తడబడితే చాలు. శ్రావ్య, శ్రావణి అయినా, సాహితి, సాహిత్య అయినా తిప్పలు ఇవే. పోలిక ఎంత దగ్గరైతే నిర్ణయం అంత గట్టిగా ఉండాలి. చిన్న తేడాయే కదా అని మనం చేసేది సరిగ్గా దానికి విరుద్ధం.

చట్టం ఈ విషయంలో తొందరపెట్టదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి, కానీ పేరు అప్పుడే చెప్పక్కర్లేదు. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ పైన ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల దాకా చేర్పించే వీలుంది. పిల్లకు కూడా తొందర లేదు. తన పేరు చప్పుడును పిల్లలు వేరే పేర్ల నుంచి గుర్తుపట్టడం సుమారు నాలుగున్నర నెలలకు మొదలవుతుందని 1995లో అమెరికాలో పరిశోధకులు చూపించారు. కాబట్టి రెండు పేర్లనూ నెలా రెండు నెలలు నోట్లో నానబెట్టడంలో తప్పు లేదు. వీధి చివరి నుంచి గట్టిగా పిలిచి చూడండి. పళ్లు లేని తాతగారి చేత అనిపించి చూడండి. ఇంటిపేరుతో కలిపి రెండు భాషల్లోనూ కాగితం మీద రాసి చూడండి. ఆ పరీక్షల్లో చాలాసార్లు ఒక పేరు తనంతట తనే ముందుకొస్తుంది.

కానీ ఒకసారి రిజిస్టర్లోకి ఎక్కిన తర్వాత ఊగకూడదు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర్నుంచి ఓటు, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లి నమోదు, ప్రభుత్వోద్యోగం వరకూ పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే ఇస్తారు. మన తాతల కాలంలో బళ్లో మేష్టారు ఏది రాస్తే అదే పేరు, ఏది రాస్తే అదే పుట్టినరోజు. ఆ రోజులు పోయాయి.

ఓడిపోయిన పేరును ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. దానికి మన ఆచారంలోనే చోటుంది. నామకరణంలో పిల్లకు ఒక్క పేరే పెట్టరు. పుట్టిన మాసాన్ని బట్టి ఒకటి, నక్షత్రాన్ని బట్టి ఒకటి, లోకంలో పిలవడానికి వ్యావహారిక నామం ఒకటి. పేర్లు ఎన్నైనా ఉండవచ్చని, లోకంలో పిలిచేది మాత్రం ఒక్కటే ఉండాలని ఆ పద్ధతి పెట్టినవాళ్లకు తెలుసు. నాయనమ్మ కోరిన పేరును బియ్యంలో రాయండి, చెవిలో చెప్పండి, ఆవిడ ఒళ్లో పడుకోబెట్టుకుని పిలుచుకుంటే పిలుచుకోనివ్వండి. పిల్లకు ఊహ వచ్చాక ఆ పేరు ఎవరిదో, ఆ మనిషి ఎలా ఉండేదో కథగా చెప్పండి. రిజిస్ట్రారు ముందు, బడి దరఖాస్తులో, ఆధార్ కేంద్రంలో రాసే పేరు మాత్రం ఒక్కటే కావాలి.

అది ఎవరు వెళ్లి రాయిస్తారో, తెలుగులో, ఇంగ్లిషులో ఏ అక్షరాలతో రాయిస్తారో కూడా ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చూపించాలి. చదువు రానివాళ్లుంటే చదివి వినిపించాలి. బారసాలకు ముందు రోజు రాత్రే, వియ్యాలవారిద్దరూ ఒకే గదిలో ఉండగా ఆ పని చేస్తే మేలు.